ముందు ఇల్లు, ఆ తర్వాతే తాబేలు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో పిల్లలు ఏదో ఒక రోజు పెంపుడు జంతువు కావాలని అడుగుతారు. కుక్కను పెంచుకోవడానికి లీజు ఒప్పుకోదు. పిల్లి బొచ్చు ఇంట్లో ఒకరికి పడదు. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తే పగలు చూసుకునేవారుండరు. అప్పుడు తాబేలు గుర్తొస్తుంది. అది అరవదు, బొచ్చు రాల్చదు, రోజూ వీధిలో తిప్పమని అడగదు, నాలుగు ఆకులు వేస్తే చాలు అనిపిస్తుంది. వీటిలో చివరి మాట ఒక్కటే నిజం కాదు.

మన ఒంటి వేడిని మన శరీరమే పుట్టిస్తుంది. తాబేలుకు ఆ శక్తి లేదు. చలివేస్తే ఎండలోకి నడిచి వెళ్లాలి, వేడెక్కితే నీడకు చేరాలి, ఒళ్లు ఎండిపోతుంటే తేమ మట్టిలోకి తవ్వుకుని దూరాలి. తిన్నది అరగడం, ఎముక గట్టిపడటం, జబ్బును తట్టుకోవడం అన్నీ ఈ తిరుగుడు మీదే ఆధారపడి ఉంటాయి. అడవిలో ఈ చోట్లన్నీ దానికి దొరుకుతాయి. ఇంట్లో మీరు కల్పిస్తేనే ఉంటాయి. అందుకే ఈ అధ్యాయమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: మంచి తాబేలు ఇల్లంటే, వేడి–చల్లన, వెలుగు–చీకటి, పొడి–తేమ అన్నీ అందుబాటులో ఉండి, ఏ పూట ఏది కావాలో తాబేలే ఎంచుకోగలిగే ఇల్లు.

ఏ తాబేలు?

ముందు చట్టం సంగతి. కూర్మావతారానికి శ్రీకూర్మంలో గుడి కట్టి కొలుస్తున్న జాతి మనది. తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకంతో ఆంధ్ర, తెలంగాణల్లో నక్షత్ర తాబేళ్లను గుట్టుగా కొని పెంచేవారున్నారు. ఇది నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టకూడదు, అమ్మకూడదు, ఇంట్లో ఉంచుకోకూడదు. 2019లో అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటీస్ కూడా ఈ తాబేలును అత్యంత కట్టుదిట్టమైన మొదటి జాబితాలో చేర్చింది. మీ బంధువుల ఇంట్లో నక్షత్ర తాబేలు ఉంటే అటవీ శాఖకు అప్పగించమని చెప్పండి. దగ్గర్లోని చెరువులో వదిలేయమని మాత్రం చెప్పకండి. అది మెట్టనేల జీవి, ఈత రాదు, నీళ్లలో వేస్తే మునిగి చనిపోతుంది.

ఈ అధ్యాయానికి నేను ఎంచుకున్నది అమెరికా, బ్రిటన్ ఇళ్లలో చట్టబద్ధంగా ఎక్కువగా పెరిగే రష్యన్ తాబేలు. దీన్నే హార్స్‌ఫీల్డ్ తాబేలు అని కూడా అంటారు. కజకిస్తాన్, ఉజ్బెకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్ వంటి దేశాల పొడి గడ్డిభూములు దీని సొంత ఊళ్లు. పెద్దదైనా డిప్ప పొడవు 5 నుంచి 8 అంగుళాలే. 40 ఏళ్లకు పైగా బతుకుతుంది. అక్కడి వేసవి మండిపోతుంది, చలికాలం గడ్డకట్టిస్తుంది. అందుకని ఏడాదిలో ఎక్కువ భాగం నేలలో బొరియ తవ్వుకుని గడిపి, సుమారు మూడు నెలలే చురుగ్గా తిరుగుతుంది.

చాలా మొండి ప్రాణం ఇది. 1968 సెప్టెంబరులో సోవియట్ యూనియన్ ప్రయోగించిన జోండ్-5 నౌకలో చంద్రుణ్ణి చుట్టి ప్రాణాలతో భూమికి తిరిగొచ్చిన రెండు తాబేళ్లు ఈ జాతివే. కానీ ఇంట్లో పెరిగేటప్పుడు ఈ మొండితనమే దానికి చేటు చేస్తుంది. చోటు సరిగా లేకపోయినా నెలల తరబడి తింటూ తిరుగుతూనే ఉంటుంది. మనకు లోపం కనిపించేసరికి ఎముకలు మెత్తబడి ఉంటాయి. కాబట్టి తాబేలు బాగానే ఉన్నట్టుంది కదా అన్న ధీమాతో కాకుండా, కొలతలతో ఇల్లు కట్టాలి.

చోటు: అద్దాల తొట్టి వద్దు

పెట్ షాపుల్లో చేపల తొట్టి లాంటి అద్దాల పెట్టెనే చూపిస్తారు. దాన్ని కొనకండి. అద్దం అంటే ఏమిటో తాబేలుకు అర్థం కాదు. అవతల దారి కనిపిస్తుంటే ఇవతల నుంచి రోజంతా గోకుతూ, తోస్తూ అలసిపోతుంది. పైగా చిన్న అద్దాల పెట్టెలో గాలి ఆడదు, ఒక దీపం పెడితే పెట్టెంతా ఒకే వేడి అవుతుంది. చల్లటి మూలే లేకపోతే ఎంచుకోవడానికి ఇంకేముంటుంది?

కావలసింది పైన తెరిచి ఉన్న, గోడల అవతల ఏమీ కనబడనివ్వని చెక్క తొట్టి. ఒక్క పెద్ద తాబేలుకు కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ఉండాలి. వీలుంటే 8 అడుగులు, 4 అడుగులు చేయండి. అమెరికాలో దొరికే ప్లైవుడ్ షీటు కొలత కూడా సరిగ్గా అదే, ఒక షీటు కోయకుండా అడుగుభాగం అయిపోతుంది. గోడలు 16 నుంచి 18 అంగుళాల ఎత్తు ఉండాలి. ఈ తాబేలు మూలల్లో గోడ పట్టుకుని ఎక్కడంలో గట్టిది, అందువల్ల నాలుగు మూలల పైన చిన్న పలకలు అడ్డంగా కొట్టండి.

వడ్రంగం రానివారికీ దారులున్నాయి. వాడని పాత పుస్తకాల బీరువాను వెల్లకిలా పడుకోబెట్టి, అరలు తీసేస్తే తొట్టి సిద్ధం. పిల్ల తాబేలుకైతే హార్డ్‌వేర్ షాపుల్లో సిమెంటు కలపడానికి అమ్మే పెద్ద ప్లాస్టిక్ టబ్బు కొన్నాళ్లకు సరిపోతుంది. చెక్క తొట్టి ఏదైనా సరే, లోపల నీళ్లు దిగనివ్వని మందపాటి షీటు (పాండ్ లైనర్) పరచండి. లేకపోతే తడి మట్టికి చెక్క కుళ్లిపోతుంది.

తొట్టిని ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. హీటరు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటు, తలుపు సందు నుంచి చలి వచ్చే చోటు, పెద్ద శబ్దంతో టీవీ మోగే చోటు పనికిరావు. వంటగదిలో అసలే వద్దు.

నేల: తవ్వుకోవడానికి మట్టి

పాత వార్తాపత్రికలో తివాచీయో పరిస్తే శుభ్రం సులువు, కానీ బొరియ తవ్వుకుని బతికే జీవికి అది నేల కాదు. ఎరువులు, మందులు కలపని తోటమట్టి రెండు పాళ్లు, కొబ్బరి పొట్టు ఒక పాలు, కొద్దిగా పిల్లలు ఆడుకునే శుభ్రమైన ఇసుక (ప్లే శాండ్) కలపండి. తొట్టి అంతటా కనీసం 4 అంగుళాలు, ఒక వైపు 8 అంగుళాల లోతు పోయండి. తాబేలు పూర్తిగా కప్పబడేంత లోతు ఉంటేనే దానికి భద్రంగా అనిపిస్తుంది.

దేవదారు, పైన్ చెక్క పొట్టు వాడకండి. వాటి ఘాటు నూనెలు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఉత్త ఇసుక, పిల్లులకు వాడే మట్టిగుళికలు, మొక్కజొన్న కంకుల ముక్కలు కూడా వద్దు. ఆకులతో పాటు నోట్లోకి పోయి పేగులో అడ్డుపడతాయి.

పై మట్టి పొడిగా, అడుగు మట్టి తేమగా ఉండటం మంచి తొట్టికి గుర్తు. దానికి పైనుంచి చిలకరించకుండా, మూలల్లో నీళ్లు నెమ్మదిగా పోయండి. అవి అడుగుకు దిగి పైకి ఆవిరవుతాయి. పిల్ల తాబేళ్లకు ఈ తేమ మరీ అవసరం. పొడిబారిన చోట పెరిగిన పిల్లల డిప్ప మీద పలకలు గుబ్బలుగా పైకి లేస్తాయి. ఒకసారి లేచిన గుబ్బలు మళ్లీ చదును కావు.

వేడి: ఒక మూల ఎండ, ఒక మూల నీడ

తొట్టికి ఒక చివర వేడి దీపం, రెండో చివర ఏమీ లేకుండా వదిలేయడం అసలు రహస్యం. సాధారణ హాలోజన్ ఫ్లడ్ బల్బు సరిపోతుంది. దాని కింద ఒక చదునైన రాతి పలక వేయండి. కొలతలు ఇలా ఉండాలి:

- దీపం కింద పలక మీద: సుమారు 35 డిగ్రీల సెల్సియస్ (95 ఫారెన్‌హీట్)
- దీపం వైపు మిగతా చోటు: 29, 30 డిగ్రీలు (85 ఫారెన్‌హీట్ దగ్గర)
- రెండో చివర: 21 నుంచి 24 డిగ్రీలు (70 నుంచి 75 ఫారెన్‌హీట్)
- రాత్రి: 16 డిగ్రీల వరకు (60 ఫారెన్‌హీట్) దిగినా ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలుకు ఇబ్బంది లేదు

చేత్తో తాకి వెచ్చగా ఉందనుకుంటే లాభం లేదు. రెండు చివర్లా రెండు డిజిటల్ థర్మామీటర్లు పెట్టండి. గురిపెట్టి మీట నొక్కితే ఉపరితల వేడిని చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కూడా ఒకటి కొనుక్కోండి. పలక మరీ వేడెక్కితే దీపాన్ని పైకి జరపండి, చల్లగా ఉంటే కిందికి దించండి.

రాత్రి దీపాలన్నీ ఆరిపోవాలి. ఎర్ర బల్బులు వద్దు, తాబేలుకు చీకటి కావాలి. గది మరీ చల్లబడితే వెలుగు ఇవ్వకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటరును థర్మోస్టాట్‌తో వాడండి. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు అమ్ముతారు, వాటి మీద కూర్చుని తాబేళ్లు కడుపు కాల్చుకుంటాయి. అడవిలో దానికి వేడి పైనుంచి వస్తుంది, ఇంట్లోనూ పైనుంచే రావాలి.

ఒక హెచ్చరికను దయచేసి తేలిగ్గా తీసుకోకండి. దీపానికి పింగాణీ హోల్డరే వాడండి. క్లిప్పు ఒక్కదాన్నే నమ్మకుండా గొలుసుతో పైనుంచి కట్టండి. ఆరిన కొబ్బరి పొట్టు మీద వేడి దీపం జారి పడితే ఇల్లు అంటుకుంటుంది. పొగ అలారం ఆ గదిలో ఉండాలి, పని చేస్తుండాలి.

వెలుగు: కిటికీ ఎండ చాలదు

కిటికీ పక్కన ఎండ బాగా పడుతుంది, ఇంకా దీపమెందుకని చాలామంది అడుగుతారు. సూర్యకాంతిలోని యూవీబీ కిరణాలు చర్మం మీద పడితేనే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవుతుంది. అది ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు, డిప్పకు చేరుతుంది. మామూలు కిటికీ అద్దం ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. వెలుగు లోపలికి వస్తుంది, వేడి వస్తుంది, అవసరమైనది మాత్రం బయటే ఉండిపోతుంది. యూవీబీ అందని తాబేలుకు ఎంత కాల్షియం పెట్టినా డిప్ప మెత్తబడుతుంది, కాళ్లు వంకర పోతాయి, దవడ వంగుతుంది.

అందుకని సరీసృపాల కోసం చేసిన టీ5 రకం పొడవాటి యూవీబీ ట్యూబు కొనండి. దాని మీద 10 లేదా 12 శాతం అని రాసి ఉండాలి. తొట్టి పొడవులో సగం వరకు వచ్చేలా, వేడి దీపం పక్కనే బిగించండి. వేడి, యూవీబీ రెండూ ఒకే చోట పడాలి, ఎండ కాచుకునే చోటే డి3 కూడా తయారవుతుంది. ట్యూబు నుంచి డిప్పకు ఎంత దూరం ఉండాలో తయారీదారు ఇచ్చిన పట్టిక చూసి పెట్టండి. మధ్యలో అద్దం గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. జాలీ కూడా కొంత భాగాన్ని ఆపేస్తుంది. చుట్ట తిరిగిన చిన్న యూవీబీ బల్బుల పరిధి చాలా తక్కువ, వాటి మీద ఆధారపడకండి.

ట్యూబు వెలుగుతూనే ఉంటుంది, కానీ అందులోంచి వచ్చే యూవీబీ కాలం గడిచేకొద్దీ తగ్గిపోతుంది. మన కంటికి ఆ తేడా తెలియదు. ట్యూబు బిగించిన రోజే దాని చివర తేదీ రాయండి, ఏడాదికి మార్చండి. దీపాలను 12 గంటలు వెలిగి 12 గంటలు ఆరేలా టైమరుకు తగిలించండి.

వేసవిలో పగటి వేడి 20 డిగ్రీలు దాటినప్పుడు పెరట్లోనో బాల్కనీలోనో కాసేపు నిజమైన ఎండ చూపించండి. ఏ ట్యూబూ దానికి సాటిరాదు. పక్కన నీడ మాత్రం తప్పక ఉండాలి. అద్దాల పెట్టెలో పెట్టి ఎండలో ఉంచితే నిమిషాల్లో ప్రాణం పోతుంది.

నీళ్లు, దాగే చోటు, భోజనం

మొక్కల కుండీ కింద పెట్టే మట్టి పళ్లెం తాబేలుకు చక్కటి నీటి తొట్టి. లోతు తక్కువ, జారదు, ఎక్కి దిగడం సులువు. నీళ్లు దాని గడ్డం మించకూడదు. రోజూ మార్చండి, తాబేలు ఆ నీళ్లలోనే మలవిసర్జన చేస్తుంది. ఇది కాక గోరువెచ్చటి నీళ్లలో పావుగంట నుంచి ఇరవై నిమిషాలు నానబెట్టడం అవసరం. పిల్ల తాబేళ్లకు రోజూ, పెద్దవాటికి వారానికి ఒకటి రెండుసార్లు చేయండి.

దాగే చోట్లు రెండు ఉండాలి, వెచ్చటి వైపు ఒకటి, చల్లటి వైపు ఒకటి. సగానికి కోసిన చెక్క దుంగ, బోర్లించిన కుండ పెంకు ఏదైనా సరే. ఒకదాని కింద మట్టి ఎప్పుడూ తేమగా ఉంచండి. మధ్యలో రాళ్లు, గడ్డి దుబ్బులు పెట్టి దారి వంకర చేయండి. ఖాళీ మైదానంలా ఉంటే అది భయపడుతుంది. అలంకారానికి మనీ ప్లాంటు, డిఫెన్‌బాకియా, గన్నేరు పెట్టకండి. అవి తాబేలుకు హాని చేస్తాయి, గన్నేరు ప్రాణమే తీస్తుంది.

భోజనం చల్లటి వైపు ఒక గరుకు రాతి పలక మీద పెడితే తినేటప్పుడు ముక్కు, నడిచేటప్పుడు గోళ్లు అరుగుతాయి. మందులు చల్లని డాండిలయన్ ఆకులు, మందార ఆకులూ పూలూ, మల్బరీ ఆకులు, ఎండివ్ మంచివి. మెక్సికన్ దుకాణాల్లో నోపాలెస్ పేరుతో నాగజెముడు పలకలు దొరుకుతాయి, ఇష్టంగా తింటుంది. కాల్షియం కోసం కటిల్‌బోన్ ముక్క ఎప్పుడూ తొట్టిలో ఉంచండి.

పాలకూర, తోటకూర, గోంగూర వద్దు, వాటిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని కట్టిపడేస్తాయి. అన్నం, రొట్టె, పెరుగు, అరటిపండు, మామిడిపండు అసలు పెట్టకూడదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మా తాతయ్యలు ప్రేమకొద్దీ పెడతారు. అందుకే ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తెలుగులో రాసి తొట్టి పక్కనే అంటించండి.

ఒక్కటే చాలు

తోడు లేక బాధపడుతుందేమోనని రెండోదాన్ని తెస్తారు. తాబేలు ఒంటరి జీవి. చిన్న తొట్టిలో రెండుంటే బలమైనది రెండోదాన్ని వెంటాడుతుంది, కొరుకుతుంది, తిండికీ వేడికీ దూరం చేస్తుంది. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే మనకు ప్రేమలా కనిపిస్తుంది, చాలాసార్లు అది వేడి చోటు కోసం పోటీ. వేర్వేరు జాతుల్ని కలపడం మరీ ప్రమాదం, ఒకదానికి పట్టించుకోనక్కర్లేని క్రిములు రెండోదాన్ని చంపగలవు.

తాబేలు చెప్పే మాట వినడం

ఇల్లు సరిగా కట్టారా లేదా అన్నది తాబేలు నడతే చెబుతుంది. రోజూ ఐదు నిమిషాలు కూర్చుని చూడండి.

- ఎప్పుడూ దీపం కిందే ఉంటే: తొట్టి మొత్తం మీద చల్లగా ఉంది.
- ఎప్పుడూ చల్లటి మూలనే ఉంటే: వేడి ఎక్కువైంది, లేదా వెచ్చటి వైపు దాగే చోటు లేదు.
- రోజంతా గోడ వెంట తిరుగుతూ గోకుతుంటే: చోటు చాలడం లేదు, లేదా గోడ అవతల కనిపిస్తోంది.
- ఆకలి తగ్గి, మందకొడిగా ఉంటే: ముందు థర్మామీటర్లు చూడండి, ఆపై ట్యూబు మీద తేదీ చూడండి.
- ముక్కు నుంచి బుడగలు, వాచిన కళ్లు, నోరు తెరిచి ఊపిరి, మెత్తటి డిప్ప: ఆ రోజే సరీసృపాల వైద్యం తెలిసిన డాక్టరు దగ్గరకు వెళ్లండి.

తాబేలును తెచ్చిన వారంలోనే అలాంటి డాక్టరుకు చూపించి, మలపరీక్షతో కడుపులో పురుగులున్నాయేమో తెలుసుకోండి. డాక్టరు సలహా లేకుండా శీతాకాల నిద్రకు పంపే ప్రయత్నం చేయకండి.

ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవలసినవి

ఆరోగ్యంగా కనిపించే తాబేలు ఒంటి మీద కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. పిల్లలకు దానివల్ల జబ్బు సోకుతోందనే అమెరికా ఎఫ్‌డీఏ 1975లో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్లను పెంపకానికి అమ్మడం నిషేధించింది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని పళ్లేలు వంటగది సింకులో కడగకూడదు. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో కొన్నాళ్లు ఆగడం మేలు.

వీసా మీద ఉన్నవారు ఇంకో విషయం ఆలోచించాలి. ఈ తాబేలు సైటీస్ రెండో జాబితాలో ఉంది. ఉద్యోగం పోయి రెండు నెలల్లో ఇండియాకు తిరిగి రావలసి వస్తే సూట్‌కేసుతో పాటు దాన్ని తెచ్చుకోలేరు, రెండు దేశాల అనుమతులు కావాలి. అలాంటప్పుడు ఎవరు తీసుకుంటారు? సంక్రాంతికో పెళ్లికో నెల రోజులు ఊరు వెళ్తే ఎవరు చూస్తారు? ఇవాళ పదేళ్లున్న పిల్ల కాలేజీకి వెళ్లాక బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు పేర్లతో సహా జవాబులుంటేనే ముందుకు వెళ్లండి. తెచ్చుకునేటప్పుడు కూడా అడవిలో పట్టి తెచ్చినవాటిని కాక, పెంపకంలో పుట్టినదాన్నో, యజమానులు వదిలేస్తే సంరక్షణ కేంద్రం చేరినదాన్నో తీసుకోండి.

తాబేలును తెచ్చే ముందు చేయవలసిన పనులు

1. ఇంట్లో చోటు కొలిచి, తొట్టి ఎక్కడో నిర్ణయించండి.
2. తొట్టి కట్టి, షీటు పరిచి, మట్టి నింపండి.
3. దీపం, యూవీబీ ట్యూబు, టైమరు, థర్మామీటర్లు బిగించండి.
4. తాబేలు లేకుండానే ఖాళీ తొట్టిని ఏడు రోజులు నడపండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి మూడు పూటలా కొలతలు పిల్లలతో ఒక నోటుబుక్కులో రాయించండి.
5. దగ్గర్లో సరీసృపాల డాక్టరు ఎవరో కనుక్కుని ఫోన్ నంబరు రాసి పెట్టుకోండి.

నాలుగో పనిని దాటవేయకండి. ఏడు రోజులు విసుగు లేకుండా కొలతలు రాసిన పిల్లలు తర్వాత కూడా శ్రద్ధగా చూసుకోగలరు. రెండో రోజుకే నోటుబుక్కు మూలన పడితే, ఇంకా సమయం కాలేదని తెలుస్తుంది, ఏ జీవికీ నష్టం జరగకుండానే తెలుస్తుంది. తాబేలు నోరులేని జీవి, నలభై ఏళ్లు మీరు పెట్టిన చోటే దానికి ప్రపంచం. కాబట్టి పిల్లలు ఎంత మారాం చేసినా, దుకాణంలో ఎంత ముద్దుగా కనిపించినా, ఇల్లు సిద్ధమై కొలతలు కుదిరేదాకా దాన్ని తీసుకురాకండి.